తెలివైన పిల్లే, కానీ రాయలేకపోతోంది: బడిలో ఏం అడగాలి, ఇంట్లో ఏం చేయాలి?

మీరు రాసినదంతా చదివాను. పాపకు తొమ్మిదేళ్లు. గ్రహణాలు ప్రతి నెలా ఎందుకు రావో మీకే వివరించి చెబుతుంది, రెండంకెల గుణకారాలు నోటితోనే చేసేస్తుంది. అదే పిల్లను నాలుగు వాక్యాలు రాయమంటే అరగంట గడిచిపోతుంది. అక్షరదోషాలు, కొట్టివేతలు, చివరికి కన్నీళ్లు. టీచరేమో క్లాసులో బుద్ధిగా ఉంటుంది, మార్కులు మధ్యస్థంగా వస్తున్నాయి, కంగారు పడాల్సిందేమీ లేదంటున్నారు. ఇంటికి రాగానే మాత్రం చిన్న మాటకే అరుపులు, ఏడుపులు. ముందు రాత, వేగం దారిలో పడనివ్వండి, పై తరగతి లెక్కల సంగతి ఆ తర్వాత చూద్దామని బడివాళ్లు అన్నారు. దానికి ఒప్పుకోవాలా, పరీక్షలు చేయించాలా, చేయిస్తే పాప మీద ముద్ర పడిపోతుందా అన్నవి మీ ప్రశ్నలు.

స్పెషల్ ఎడ్యుకేటర్‌గా చాలా ఏళ్లుగా ఇలాంటి పిల్లలతోనే పనిచేస్తున్నాను కాబట్టి మొదటిదానికి సూటిగా చెబుతాను. ఒప్పుకోకండి. లెక్కలు ఆపితే రాత బాగుపడదు. పాపకు బడిలో ఊపిరాడే చోటు ఏదైనా ఉందంటే అది లెక్కల పీరియడే, అది కూడా పోతుంది. రాతకు సాయం ఈరోజే మొదలవ్వాలి, కష్టమైన లెక్కలు కూడా ఈరోజే మొదలవ్వాలి. ఒకటి అయ్యాక రెండోది అనే వరస పెట్టారంటే రెండోదాని వంతు ఎప్పటికీ రాదు. పుట్టుకతో వచ్చిన ఇబ్బంది ఒక ఏడాదిలో పూర్తిగా తీరిపోయేది కాదు మరి.

ఇలాంటి పిల్లల్ని ఈ రంగంలో ట్వైస్ ఎక్సెప్షనల్ అంటారు. ఒకవైపు వయసుకు మించిన ఆలోచన, మరోవైపు ఏడీహెచ్‌డీ (మనసు నిలపడం, తమను తాము అదుపు చేసుకోవడం కష్టమవడం), ఆటిజం (నలుగురితో కలవడం, చుట్టూ ఉన్నవాటికి స్పందించడం వేరుగా ఉండడం), డిస్లెక్సియా (చదవడం, స్పెల్లింగు కష్టమవడం), డిస్‌గ్రాఫియా (రాయడం కష్టమవడం) లాంటివి ఏదో ఒకటో, రెండు మూడు కలిసో ఉంటాయి. వీళ్లు బడి కంట పడకపోవడానికి కారణం ఆ మధ్యస్థపు మార్కులే. తెలివి ఇబ్బందిని కప్పేస్తుంది, ఇబ్బంది తెలివిని కప్పేస్తుంది. మిగిలేది ఎవరికీ దిగులు కలిగించని ఒక సగటు. ఫెయిలయితే ఎవరో ఒకరు పట్టించుకునేవారు, ఫస్టొస్తే ఇంకొకరు పట్టించుకునేవారు. మీ పాప రెండూ కాకుండా ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాను. మీ పాప ఈడు పిల్లే. వాన ఎలా కురుస్తుందో రాయమంటే నోటుబుక్కులో ఉన్నది ఇంతే: "నీరు ఆవిరి అవుతుంది. వాన పడుతుంది." ఆవిరి అనే మాటను రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చిరిగింది. ఆ పుస్తకం మూసేసి, నాకు నోటితో చెప్పమ్మా అన్నాను. "పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కదా, అప్పుడు గాలి వ్యాకోచించి చల్లబడుతుంది. చల్లబడితే ఆవిరి మళ్లీ నీళ్లవ్వాలి, కానీ ఊరికే అవ్వలేదు, పట్టుకోవడానికి దుమ్ము రేణువు లాంటిదేదో కావాలి. మరి దుమ్ము అసలు లేకపోతే మబ్బు పట్టదా?" అని ఎదురు ప్రశ్న వేసింది. ఆ పుస్తకంలో ఐదుకు రెండు మార్కులున్నాయి. ఆ రెండు మార్కులు ఆ పిల్ల చేతిని కొలిచాయి, సైన్సును కొలవలేదు. మీరు కూడా ఈ వారంలో ఒక పాఠానికి ఇలా చేసి చూడండి. పాప చెప్పినది చెప్పినట్టే, ఒక్క మాట సర్దకుండా రాసి, పక్కన తను రాసిన జవాబు పెట్టండి. బడిలో మీరు ఎంత మాట్లాడినా రాని కదలిక ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే వస్తుంది.

ఇంకొకటి కూడా గమనించండి. రాత ఎక్కడ ఆగుతోందన్నది మూడు రకాలుగా ఉండొచ్చు. పుస్తకంలో ఉన్నది చూసి రాయమన్నా నెమ్మదిగా, చెయ్యి నొప్పెడుతుందంటూ రాస్తే ఇబ్బంది చేతి కండరాల అదుపులో ఉండొచ్చు. చూసి చక్కగానే రాస్తుంది, సొంతంగా రాసేటప్పుడే గుణింతాలు, ఒత్తులు తారుమారవుతాయి అంటే స్పెల్లింగు వైపు, డిస్లెక్సియా వైపు చూడాలి. నోటితో చెప్పమన్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గజిబిజి పడుతుంటే ఆలోచనల్ని వరసలో పెట్టుకోవడం దగ్గర చిక్కుంది. ఇది ఇంటి దగ్గర చేసుకునే స్థూలమైన అంచనా మాత్రమే, నిర్ధారణ కాదు. అయినా ఈ మూడింటికీ సాయం వేర్వేరుగా ఉంటుంది కాబట్టి, చూచిరాత పేజీలు మూడింటికీ మందన్నట్టు ఇస్తుంటే నాకు బాధేస్తుంది.

ఇక పరీక్షల సంగతి. చేయించండి. ముందు కళ్లు, చెవులు చూపించండి. ఆ తర్వాత ఇలాంటి పిల్లలతో అనుభవమున్న సైకాలజిస్టు దగ్గరకు వెళ్లండి. తెలివైన పిల్లలకు డిస్లెక్సియా ఉండదని, ఇంతసేపు పుస్తకం పట్టుకుని కూర్చునే పిల్లకు ఏడీహెచ్‌డీ ఏమిటని తీసిపారేసే వారైతే ఇంకొకరిని వెతుక్కోండి. ఇష్టమైనదాని మీద గంటలకొద్దీ మనసు నిలపడం ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో మామూలే. నిలపడం రాకపోవడం కంటే, ఎక్కడ నిలపాలో తన చేతిలో లేకపోవడమే వాళ్ల అసలు కష్టం. ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఒకే పిల్లలో ఉండవని ఎవరైనా అంటే అది పాత లెక్క. రెండూ కలిపి నిర్ధారించకూడదని ఒకప్పుడు ఉన్న నియమాన్ని, మానసిక వైద్యులు వాడే నిర్ధారణ పుస్తకం డీఎస్‌ఎం-5 2013లో తీసేసింది.

రిపోర్టు చేతికొచ్చాక మొదటి పేజీలో ఉండే ఒక్క ఐక్యూ అంకె దగ్గర ఆగిపోవద్దు. ఆరు నుంచి పదహారేళ్ల పిల్లలకు ఎక్కువగా వాడే విస్క్-5 అనే ఐక్యూ పరీక్షలో ఐదు విభాగాలుంటాయి: మాటలతో ఆలోచించడం, ఆకారాలను మనసులో తిప్పి చూడడం, కొత్త సమస్యలో తర్కం పట్టుకోవడం, వర్కింగ్ మెమరీ (విన్నది, చూసినది కాసేపు మనసులో పట్టుకుని దానితో పనిచేయడం), ప్రాసెసింగ్ స్పీడ్ (సులువైన పనిని ఎంత వేగంగా చేస్తారన్నది). సగటు 100, 130 దాటేవాళ్లు నూటికి ఇద్దరు. ఒక పిల్లకు మాటల్లో 138, తర్కంలో 132, వేగంలో 86 వచ్చాయనుకోండి. అన్నీ కలిపి తీసిన అంకె ఆ పిల్లలో ఎక్కడా లేని మనిషిని చూపిస్తుంది. పైగా వేగం విభాగంలో ఒక పరీక్ష, గుర్తుల్ని చూసి పెన్సిలుతో గబగబా దించడం. రాత కష్టమైన పిల్ల అక్కడ నష్టపోక తప్పదు. అందుకే జ్ఞాపకం, వేగం పక్కన పెట్టి ఆలోచనా శక్తిని మాత్రమే లెక్కగట్టే జనరల్ ఎబిలిటీ ఇండెక్స్ కూడా రిపోర్టులో ఇవ్వమని ముందే అడగండి. విభాగాల మధ్య ఇంత ఎడం ఉందంటే అదే మీరు వెతుకుతున్న జవాబులో సగం. ఐక్యూ పరీక్షతో పాటు చదవడం, స్పెల్లింగు, రాత వేగం విడిగా చూడాలి. ఆక్యుపేషనల్ థెరపిస్టు చేతి పనితనం చూడాలి. పాప ఏ భాషలో ఆలోచిస్తుందో ఆ భాషలోనే పరీక్ష జరగాలి.

అంకెల మీద మరీ అంత భక్తి కూడా వద్దు. 1921లో స్టాన్‌ఫర్డ్‌లో లూయిస్ టెర్మన్ ఐక్యూ పరీక్షలతో పదిహేను వందలకు పైగా మేధావి పిల్లల్ని ఎంపిక చేసి జీవితాంతం గమనించే పని మొదలుపెట్టాడు. ఆ పరీక్ష రాసి ఎంపిక కాకుండా పోయిన ఇద్దరు, విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్, తర్వాత ఫిజిక్స్‌లో నోబెల్ అందుకున్నారు. ఎంపికైన వాళ్లలో ఒక్కరికీ రాలేదు.

ముద్ర పడుతుందేమోనన్న భయం అర్థమవుతుంది. అయితే ముద్ర ఇప్పటికే పడింది. బద్ధకం, గారాబం, నిర్లక్ష్యం, మొండితనం అనే పేర్లు పాప రోజూ వింటూనే ఉంది, లేదా తనకు తానే పెట్టుకుంటోంది. వాటికంటే డిస్‌గ్రాఫియా అన్న పేరు చాలా మేలు. దానికి చేయగలిగిన పని ఉంది.

బడిలో ఏం అడగాలన్నది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే చేజార్చుకుంటారు. "మా పాప చాలా తెలివైనది, మీరు గుర్తించడం లేదు" అని మొదలుపెడితే టీచరు ఆ క్షణమే బిగుసుకుపోతారు. పెద్ద క్లాసును ఒంటి చేత్తో నడిపే మనిషి ఆమె. "ఈ రెండు జవాబులూ ఒకే పిల్లవి, మనిద్దరం కలిసి ఏం చేయగలం?" అని అడగండి. పది కోరికలు పెట్టకుండా రెండే అడిగి, ఆరు వారాలు చేసి చూద్దామనండి. గడువున్న ప్రయత్నానికి ఎవరైనా సులువుగా ఒప్పుకుంటారు. మాట్లాడి వచ్చాక అనుకున్నవి రాసి, మర్యాదగా ఒక మెయిల్ పంపండి.

ఆ రెండింటిలో మొదటిది లెక్కలకు సంబంధించింది. హోంవర్కులో, క్లాసువర్కులో ముందుగా ఆ పాఠంలోని అతి కష్టమైన ఐదు లెక్కలు ఇవ్వాలి. అందులో నాలుగు సరిగ్గా చేస్తే మిగతా ఇరవై చేయనక్కర్లేదు, ఆ సమయంలో ఆ పాఠాన్నే లోతుగా తీసుకెళ్లే పని చేసుకోవచ్చు. తప్పితే అందరితో పాటు మామూలుగా చేస్తుంది. టీచరుకు అదనంగా తయారు చేయాల్సింది దాదాపు ఏమీ ఉండదు, న్యాయంగానూ ఉంటుంది, కావాలంటే క్లాసులో ఎవరైనా ఇలా చేయొచ్చు. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి, ముందే చెప్పి ఉంచండి. త్వరగా ముగించిన పిల్లకు అవే లెక్కలు ఇంకో పేజీ ఇవ్వడం ఒకటి. ఇలా రెండుసార్లు జరిగితే తెలివైన పిల్ల నెమ్మదిగా చేయడం నేర్చుకుంటుంది. రెండోది, రానివాళ్లకు నేర్పమని కూర్చోబెట్టడం. ఎప్పుడో ఒకసారి పరవాలేదు, రోజూ అదే అయితే పాప కొత్తగా ఏదీ నేర్చుకోకుండానే బడి సమయం అయిపోతుంది.

రెండోది రాతకు. ఏం పరీక్షిస్తున్నామో దానికే మార్కులు ఇవ్వమని అడగండి. సైన్సు జవాబుల్లో స్పెల్లింగుకు కోత వద్దు, భాష పరీక్షలో ఉంటే ఉండనివ్వండి. పొడుగు జవాబులు నోటితో చెప్పనివ్వడం, టైపు చేయనివ్వడం, బొమ్మ గీసి భాగాలకు పేర్లు పెట్టనివ్వడం, బోర్డు మీది పాఠం ఫోటోగానో ప్రింటుగానో ఇవ్వడం లాంటివి కుదిరినవి తీసుకోండి. అదనపు సమయం ఒక్కటే ఇస్తామంటే సరిపోదు. చెయ్యి నొప్పెట్టే పిల్లకు ఇంకో అరగంట ఇస్తే ఇంకో అరగంట నొప్పి. అలాగని రాతను వదిలేయమని కాదు. రోజుకు పది నిమిషాలు, నేర్పడం తెలిసినవాళ్ల దగ్గర, పద్ధతిగా రాత సాధన చేయాలి. టైపింగ్ ఇప్పుడే మొదలుపెట్టండి, చేతికి అలవాటు పడడానికి నెలలు పడుతుంది. ఇలాంటి సౌకర్యం ఇస్తే మిగతా పిల్లలకు అన్యాయం కాదా అని ఎవరో ఒకరు తప్పక అంటారు. చూపు తక్కువ ఉన్న పిల్లకు కళ్లద్దాలు పెడితే పక్కపిల్లకు జరిగిన అన్యాయం ఏమీ లేదు కదా అని నేను అడుగుతుంటాను.

లెక్కల్లో పై తరగతిలో కూర్చోబెట్టడం గురించి అందరికీ ఒకటే దిగులు, పిల్ల మనసు నలిగిపోతుందేమోనని. సిద్ధంగా ఉన్న పిల్లల్ని ముందుకు పంపితే సగటున చదువులో లాభమే, స్నేహాల్లో, మనసుకు నష్టమేమీ లేదని దశాబ్దాల పరిశోధన చెబుతోంది. 1971లో జూలియన్ స్టాన్లీ జాన్స్ హాప్కిన్స్‌లో మొదలుపెట్టిన అధ్యయనం ఇలాంటి పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించింది. మీ పాప విషయంలో మొత్తం తరగతి దాటించడం కంటే లెక్కల్లో మాత్రమే పైకి పంపడం మేలనుకుంటున్నాను, ఎందుకంటే తరగతి మొత్తం పెరిగితే రాత బరువు కూడా పెరుగుతుంది.

ఇప్పుడు ఇంటి సంగతి. బడిలో బుద్ధిగా ఉండి ఇంట్లో అరిచే పిల్లకు గారాబం ఎక్కువైందని మీతో అన్నవాళ్లను నమ్మవద్దు. ఆడపిల్లల్లో ముఖ్యంగా ఇది ఎక్కువగా చూస్తాను. తనకు రాని పనిని ఎవరికీ తెలియకుండా దాచడం, పక్కపిల్ల ఏం చేస్తే అది చేయడం, హోరును ఓర్చుకోవడం, పదిమందిలో ఏడవకుండా ఆపుకోవడం, ఇదంతా ఒంట్లోని శక్తిని పిండేస్తుంది. దీన్ని మాస్కింగ్ అంటారు. మీ దగ్గరికి వచ్చేసరికి ఆపుకునే ఓపిక అయిపోతుంది. మీ దగ్గరైతే భద్రం అని తెలుసు కాబట్టి అక్కడ బయటపడుతుంది.

కాబట్టి బడి నుంచి వచ్చాక మొదటి గంట ప్రశ్నలు వద్దు. ఈరోజు ఏం జరిగింది, హోంవర్కు ఏముంది, డైరీ ఏది, ఏదీ అడగకండి. ఏదైనా తినడానికి ఇచ్చి, తనకు నచ్చిన మూలలో వదిలేయండి. కొందరికి ఊయల, పరుగు కావాలి, కొందరికి చీకటి గది, దుప్పటి కావాలి. మెల్ట్‌డౌన్, అంటే ఇక తట్టుకోలేక అదుపు తప్పి ఏడ్చి అరిచే స్థితి, వచ్చినప్పుడు మీ మాటలు తగ్గించండి. ఆ సమయంలో మంచి చెప్పినా చెవికెక్కదు. పక్కనే ఉండి, గొంతు తగ్గించి, "నేనిక్కడే ఉన్నాను" అనడం చాలు. దెబ్బ తగిలేవి పక్కకు తీయండి. ఎందుకలా చేశావని అడిగే పని మర్నాడు, కడుపు నిండి, మనసు కుదుటపడ్డాక. అప్పుడు కూడా ఎందుకు అనే ప్రశ్న కంటే, ఏది కష్టమనిపించింది అని అడిగితే జవాబు వస్తుంది.

హోంవర్కుకు పేజీలతో కాక సమయంతో హద్దు పెట్టండి. ముప్పై నిమిషాలు అయ్యాక ఎంతవరకు వస్తే అంతే, కింద మీరు సంతకం పెట్టి పంపండి, టీచరుతో ముందే మాట్లాడి ఉంచుకోండి. పాప పని చేసేటప్పుడు మీ పని మీరు తెచ్చుకుని అదే బల్ల దగ్గర కూర్చోండి. నేర్పక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. పక్కన ఒక మనిషి ఉంటే చాలు, మొదలుపెట్టలేని పిల్లలు మొదలుపెడతారు.

టిఫిన్ డబ్బా మరిచిపోవడం, స్వెటర్ పోగొట్టుకోవడం, రేపటి ప్రాజెక్టు రాత్రి తొమ్మిదింటికి గుర్తురావడం మీ పాపలో ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ఉంటే ఏడీహెచ్‌డీ గురించి తప్పక చూపించండి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో తమను తాము నడుపుకునే నేర్పు వయసుకు సుమారు 30 శాతం వెనక ఉంటుందని రస్సెల్ బార్క్‌లీ అనే సైకాలజిస్టు ఒక మోటు లెక్క చెబుతారు. అంటే సైన్సులో పన్నెండేళ్లు, వయసులో తొమ్మిదేళ్లు, సంచి సర్దుకోవడంలో ఆరేళ్లు. ఆరేళ్ల పిల్లకు సంచి ఎలా సర్దిస్తామో అలాగే పక్కన నిలబడి సర్దించాలి, తలుపు దగ్గర బొమ్మల చార్టు పెట్టాలి. "ఇంత తెలివైనదానివి, ఇది గుర్తుండదా?" అనే మాటను మాత్రం ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. ఈ పిల్లలు పెద్దయ్యాక కూడా మరిచిపోలేని మాట అది.

ఏడీహెచ్‌డీ అని తేలితే మందుల ప్రస్తావన వస్తుంది. చాలామందికి ఏకాగ్రతలో బాగా పనిచేస్తాయి, డాక్టరుతో తెరిచి మాట్లాడండి, భయంతో ముందే కాదనకండి. అయితే మందు స్పెల్లింగు నేర్పదు, ఆ పని మనమే చేయాలి. ఆటిజం అని తేలితే మాత్రం కళ్లలోకి చూసి మాట్లాడు, చేతులు ఊపకు అని తర్ఫీదిచ్చే చోట్లకు తీసుకెళ్లవద్దని నా సలహా. మాస్కింగ్ ఇంకా పెరుగుతుంది. స్నేహాలకు వయసు చూడకండి, ఇష్టాలు చూడండి. గ్రహణాల గురించి మాట్లాడే పన్నెండేళ్ల పిల్ల ఒక్కతి దొరికినా చాలు. ఆటిజం ఉన్నవాళ్లు ఎదుటివాళ్లను అర్థం చేసుకోలేకపోవడం ఎంత నిజమో, ఎదుటివాళ్లు వాళ్లను అర్థం చేసుకోలేకపోవడం కూడా అంతే నిజమని 2012లో డేమియన్ మిల్టన్ రాశాడు. ఆయన కూడా ఆటిజం ఉన్న పరిశోధకుడే. తమ లాంటి వాళ్ల మధ్య ఈ పిల్లలు ఎంత గలగలా మాట్లాడతారో చూస్తే మీకే తెలుస్తుంది.

పాపకు చెప్పాలి. రిపోర్టు వచ్చిన వారంలోనే, మామూలు గొంతుతో. "నీ బుర్రలో ఆలోచనలు చాలా వేగంగా వస్తాయి, చేతికి వాటిని అందుకోవడం కష్టమవుతోంది. దానికో పేరుంది, నీలాంటి పిల్లలు చాలామంది ఉన్నారు, టీచరు, నేను, నువ్వు కలిసి చూసుకుందాం." ఇంతే. తర్వాత ఎన్ని ప్రశ్నలు అడిగినా చెప్పండి. అడగకపోతే వదిలేయండి, కొన్నాళ్లకు అడుగుతుంది.

ఒక్క సందర్భంలో ఈ వరసంతా పక్కన పెట్టండి. బడికి వెళ్లనని రోజుల తరబడి మొండికేసినా, కడుపునొప్పి, తలనొప్పి అంటూ రోజూ పొద్దున్నే ఏడ్చినా, నిద్ర, తిండి తగ్గిపోయినా, నేను ఎందుకూ పనికిరాను, నేను లేకపోతే బాగుండు లాంటి మాట ఒక్కసారి వినిపించినా, పరీక్షల అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ముందు పిల్లల సైకియాట్రిస్టుకు చూపించండి. చచ్చిపోవాలనుంది అన్నా, ఒంటికి హాని చేసుకోబోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి, అప్పటిదాకా పాపను ఒంటరిగా వదలకండి. తొమ్మిదేళ్ల పిల్ల ఊరికే అన్నదిలే అని కొట్టిపారేయకండి. ఆ రోజుల్లో హోంవర్కు పూర్తిగా ఆపేయించే బాధ్యత మీరే తీసుకుని, బడికి ఒక చీటీ రాసి పంపండి.